మబ్బుల సందుల్లో వీఎఫ్‌ఆర్: వెనక్కి తిరగాల్సింది ఎప్పుడు?

మీరు అడిగినవి మూడు. ప్రైవేట్ పైలట్ లైసెన్సు కొత్తగా వచ్చింది, డల్లస్ దగ్గర సెస్నా 172 అనే చిన్న విమానం అద్దెకు తీసుకుని ఎగురుతున్నారు, ప్యానెల్‌లోని మీటర్లు మాత్రమే చూసి నడిపే అర్హత, అంటే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, లేదు. కాబట్టి వీఎఫ్‌ఆర్ మీదే, అంటే కళ్లతో బయటికి చూస్తూ ఎగిరే నియమాల మీదే ఎగరాలి. మబ్బులు విడివిడిగా ఉన్న రోజున వాటి సందుల్లోంచి వెళ్లొచ్చా? మబ్బుకు 500 అడుగులు, 2000 అడుగులు ఎడం అని రూల్లో రాశారు సరే, గాల్లో కొలిచేదెలా? పొరపాటున మబ్బులోకి దూరినా నిమిషంలో బయటపడతాం కదా, అంత భయం దేనికి?

మూడోదానితోనే మొదలుపెడతాను. అది అర్థమైతే మిగతా రెండింటికీ జవాబు సగం దొరికినట్టే.

1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ఒక ప్రయోగం చేసింది. ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణ లేని 20 మంది పైలట్లను బీచ్‌క్రాఫ్ట్ బొనాంజాలో కూర్చోబెట్టి, బయటి దృశ్యం కనబడకుండా చేసి నడపమన్నారు. 20 మందీ విమానాన్ని అదుపు తప్పించారు. 19 మంది స్పైరల్‌లోకి, అంటే గుండ్రంగా తిరుగుతూ దిగిపోయే మలుపులోకి పోయారు, ఒకరు ముక్కు మరీ పైకెత్తి స్టాల్ చేశారు, అంటే రెక్కలు విమానాన్ని మోయలేని స్థితికి తెచ్చారు. అందరికన్నా ముందు అదుపు తప్పిన మనిషికి పట్టిన సమయం 20 సెకన్లు, ఎక్కువ సేపు నిలిచిన మనిషికి 480 సెకన్లు, సగటు 178. ఈ 178 అనే అంకెను చాలామంది ‘మనకు మూడు నిమిషాల టైముంది’ అని చదువుకుంటారు. అలా చదవకండి. పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నాడని, ఇది పరీక్షేనని తెలిసి కూర్చున్న వాళ్లకు వచ్చిన సగటు అది. అనుకోకుండా తెల్లటి ముద్దలోకి పోయి, గుండె దడదడలాడుతూ, పక్క సీట్లో స్నేహితుడు ‘ఏమైంది?’ అని అడుగుతున్న పైలట్‌ది కాదు.

ఇలా ఎందుకు జరుగుతుందో ఇంట్లోనే చూడొచ్చు. తిరిగే ఆఫీసు కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకోండి. ఎవరినైనా ఒకే వేగంతో నెమ్మదిగా తిప్పుతూ ఉండమనండి. మొదట్లో తిరుగుతున్నట్టు స్పష్టంగా తెలుస్తుంది. 20 సెకన్లు దాటేసరికి ఆ భావన కరిగిపోయి ఆగిపోయినట్టే ఉంటుంది, కుర్చీ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు ఆపమనండి. ఎదురు దిక్కుకు గిర్రున తిరుగుతున్నట్టు ఒట్టేసి చెబుతారు. లోపలి చెవిలోని అర్ధవృత్తాకార నాళాల్లో ద్రవం చేసే పని ఇది. తిరుగుడు మొదలైనప్పుడు, ఆగినప్పుడు అది కదులుతుంది. ఒకే వేగంతో సాగే మలుపులో నాళంతో పాటే తిరుగుతూ ఏమీ చెప్పదు. సెకనుకు సుమారు 2 డిగ్రీల కన్నా నెమ్మదిగా జరిగే తిరుగుడైతే మొదలైన సంగతి కూడా చెవికి తెలియదు.

దీన్ని కాక్‌పిట్‌లో పెట్టి చూడండి. 110 నాట్ల (గంటకు సుమారు 200 కిలోమీటర్ల) మీద తిన్నగా పోతూ మబ్బులోకి దూరారు. తల వంచి రేడియో ఫ్రీక్వెన్సీ వెతుకుతుంటే ఎడమ చెయ్యి యోక్ (విమానం స్టీరింగ్) మీద కాస్త బరువుగా పడింది. ఎడమ రెక్క సెకనుకు ఒక డిగ్రీ చొప్పున వాలుతోంది. ఒంటికేమీ తెలియదు. అర నిమిషంలో 30 డిగ్రీల బ్యాంక్ (పక్కవాలు). లిఫ్ట్ (రెక్కలు పైకెత్తే బలం) పక్కకు వాలడంతో ముక్కు దిగుతుంది, వేగం 125కి పోతుంది, ఇంజన్ మోత సన్నగా పెరుగుతుంది. ఆ మోత విని మీరు తలెత్తితే ఎత్తు చూపే ఆల్టిమీటర్ ముల్లు కిందికి తిరుగుతూ కనిపిస్తుంది. తిన్నగా పోతున్నామనే నమ్మకం ఒంట్లో అలాగే ఉంది కాబట్టి ‘దిగిపోతున్నాం’ అనుకుని యోక్ వెనక్కి లాగుతారు. రెక్కలు వాలి ఉన్నప్పుడు లాగితే విమానం పైకి లేవదు, మలుపే బిగుసుకుంటుంది. ఇంకా దిగుతుంది, ఇంకా లాగుతారు. గాలిపటంలా తేలికగా అనిపించే ఆ విమానం, 172ఎస్ మోడల్ అయితే, 163 నాట్ల ఎరుపు గీతను, అంటే మించకూడని వేగాన్ని, దాటడానికి ఎక్కువసేపు పట్టదు. ఆ క్షణంలో లాగుడు గట్టిగా ఉంటే రెక్కలే విరగొచ్చు.

పైలట్ మూర్ఖుడు కావడం వల్ల ఇది జరగదు. 2020 జనవరి 26న లాస్ ఏంజెలెస్ దగ్గర కాలబాసాస్ కొండల్లో కూలిన సికోర్‌స్కీ ఎస్-76బి హెలికాప్టర్‌లో బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్‌తో సహా 9 మంది చనిపోయారు. దాని పైలట్‌కు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉంది. వీఎఫ్‌ఆర్ మీద వెళుతూ మబ్బులోకి ఎక్కాడు. ‘4000 అడుగులకు ఎక్కుతున్నాను’ అని కంట్రోలర్‌కు చెబుతున్న సమయంలో హెలికాప్టర్ ఎడమకు తిరుగుతూ దిగుతోంది. ఆ మాట అబద్ధం కాదు, ఒళ్లు అతనికి చెప్పింది అదే. రేటింగ్ ఉన్న వాళ్లకైనా కిటికీ నుంచి ప్యానెల్‌కు మనసు మారే ఆ కొన్ని సెకన్లే ప్రమాదం.

ఇక దూరాల సంగతి. డల్లస్ చుట్టూ మీరు ఎక్కువగా ఎగిరే ‘క్లాస్ E’ అనే రకం గగనతలంలో, 10,000 అడుగుల కింద, 3 స్టాట్యూట్ మైళ్ల (సుమారు 4.8 కిలోమీటర్ల) విజిబిలిటీ, అంటే కనుచూపు దూరం, ఉండాలి. మబ్బు అడుగుకు 500 అడుగులు కింద, తలకు 1000 అడుగులు పైన, పక్కకు 2000 అడుగులు ఎడంగా ఉండాలి. పెద్ద ఎయిర్‌పోర్టుల చుట్టూ ఉండే క్లాస్ బీలో ‘మబ్బుకు తగలకుండా ఉంటే చాలు’ అని ఉంటుంది. అక్కడ మిగతా విమానాల నుంచి మిమ్మల్ని కంట్రోలరే ఎడం చేస్తాడు కాబట్టే ఆ సడలింపు. మబ్బుల దగ్గర అక్కడ భద్రత ఎక్కువని దానర్థం కాదు. భారత్‌లో ఎగిరేవాళ్లకు 10,000 అడుగుల కింద విజిబిలిటీ 5 కిలోమీటర్లు, పక్కకు 1500 మీటర్లు, పైకీ కిందికీ 1000 అడుగులు. సూర్యాస్తమయం తర్వాత వీఎఫ్‌ఆర్‌కు మామూలుగా అనుమతి లేదు. ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) ఒప్పుకున్న లోకల్ ఫ్లైట్లు, క్లబ్ శిక్షణ మాత్రమే మినహాయింపు.

ఈ దూరాలు మీరు మబ్బులో దూరకుండా పెట్టిన కంచె అనుకుంటారు చాలామంది. అసలు కారణం మబ్బులోంచి బయటికొచ్చే ఐఎఫ్‌ఆర్ విమానం, అంటే మీటర్లు చూసి మబ్బుల్లోనూ ఎగిరే విమానం. అది 250 నాట్ల మీద వస్తుంటే మీ 100 నాట్లతో కలిపి ఎదురెదురు వేగం 350 నాట్లు, సెకనుకు 180 మీటర్లు. 2000 అడుగుల ఎడం మూడున్నర సెకన్లలో కరిగిపోతుంది. ఎదుటి విమానాన్ని చూసి, గుర్తుపట్టి, నిర్ణయించుకుని, విమానం నిజంగా దారి మారేసరికి 12.5 సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ లెక్క. అంటే రూల్‌లోని దూరం కూడా ఎదురెదురుగా వచ్చే విమానానికి చాలదు. మబ్బు గోడను ఆనుకుని పోయే అలవాటు ఎంత ప్రమాదమో దీన్నిబట్టి చూసుకోండి.

గాల్లో కొలవడానికి టేపు లేదు, గడియారం ఉంది. 100 నాట్లంటే సెకనుకు 51 మీటర్లు. ఎదురుగా ఉన్న మబ్బు అంచు 12 సెకన్లలో చేరేంత దగ్గర ఉందంటే మీరు సరిగ్గా 2000 అడుగుల దగ్గర ఉన్నారు. 30 సెకన్లయితే 1500 మీటర్లు. మబ్బు నీడ నేల మీద పడుతుంటే, మీ నీడ ఎక్కడుందో దాని అంచు ఎక్కడుందో చూసి పక్క దూరం అంచనా వేయొచ్చు, రోడ్ల గళ్లు తెలిసిన చోట ఇది బాగా పనికొస్తుంది. ఎత్తుకు హొరైజన్ గీతే, అంటే నేలా ఆకాశం కలిసినట్టు కనిపించే గీతే కొలబద్ద: మబ్బు తల హొరైజన్‌ను దాటి పైకి కనిపిస్తే అది మీకన్నా ఎత్తు, గీతకు సమంగా ఉంటే మీ ఎత్తే. అయితే ఏటవాలుగా పరుచుకున్న మబ్బు పొరను హొరైజన్ అనుకుని దానికి సమంగా రెక్కలు పెట్టేవాళ్లున్నారు, అందుకే ఈ చూపును, రెక్కల వాలునూ ముక్కు ఎత్తునూ చూపే ఆటిట్యూడ్ ఇండికేటర్‌తో సరిచూసుకుంటూ ఉండాలి. రెక్క చివర్ల మీద పొగలాంటి తెరలు పోతున్నాయంటే కొలిచే పని లేదు, మీరు మబ్బులోనే ఉన్నారు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న, సందు. రెండు మబ్బుల మధ్య మీకు అటు 2000, ఇటు 2000, కలిపి 4000 అడుగులు కావాలి, అంటే 1.2 కిలోమీటర్లు. చట్టానికి అది చాలు. కానీ ఆ సందు చివర మూసుకుపోయి ఉంటే వెనక్కి తిరగగలరా? 100 నాట్ల మీద స్టాండర్డ్ రేటులో, అంటే సుమారు 15 డిగ్రీల బ్యాంకుతో తిరిగితే మలుపు వెడల్పు దాదాపు 2 కిలోమీటర్లు. సందులో పట్టదు. 30 డిగ్రీల బ్యాంకుతో అయితే 930 మీటర్లు. వేగం 70 నాట్లకు దించి, 10 డిగ్రీల ఫ్లాప్ (తక్కువ వేగంలో తేలడానికి రెక్క వెనక దించే పలక) వేసి, అదే 30 డిగ్రీలతో తిరిగితే 460 మీటర్లే. వేగం తగ్గించడం కూడా బ్యాంక్ పెంచినంత మేలు చేస్తుందన్నమాట. కాబట్టి సందు చూడగానే వేసుకోవాల్సిన ప్రశ్న ‘పడతానా’ కాదు, ‘లోపల తిరగగలనా, ఆ చివర ఏముందో ఇక్కణ్ణుంచే కనిపిస్తోందా’. రెండింటిలో ఏ ఒక్కదానికి జవాబు కాదన్నా చుట్టూ తిరిగి వెళ్లండి. పది మైళ్లు పక్కకు పోతే ఖర్చయ్యేది ఆరేడు నిమిషాల పెట్రోలు.

పైనుంచి వెళదామనే ఆలోచనకు కూడా లెక్క ఉంది. మెటార్ (ఎయిర్‌పోర్టు వాతావరణ నివేదిక)లో ఫ్యూ అంటే ఆకాశంలో 8 భాగాలకు 1 లేదా 2, స్కాటర్డ్ 3 నుంచి 4, బ్రోకెన్ 5 నుంచి 7, ఓవర్‌కాస్ట్ 8. నేల మీంచి స్కాటర్డ్‌గా కనిపించేది పైనుంచి ఏటవాలుగా చూస్తే మూసుకుపోయినట్టే ఉంటుంది, మబ్బుల పక్కలే సందుల్ని కప్పేస్తాయి. పగటి ఎండకు స్కాటర్డ్ క్యుములస్ (దూది కుప్పల్లాంటి మబ్బు) మధ్యాహ్నానికి బ్రోకెన్ అవుతుంది. మీరు పైన హాయిగా పోతుంటే కింద తలుపు మూసుకుపోతుంది. అప్పుడు కనిపించే బొక్కను అమెరికన్ పైలట్లు సకర్ హోల్ అంటారు. 2000 అడుగుల మందం ఉన్న పొరలో నిమిషానికి 500 అడుగుల చొప్పున దిగితే 4 నిమిషాలు. గాలి 20 నాట్లుంటే ఆ 4 నిమిషాల్లో బొక్క రెండున్నర కిలోమీటర్లు జరిగిపోతుంది. చుట్టూ తెల్లటి గోడలు, గుండ్రంగా తిరుగుతూ దిగుడు, వెనక్కి తిరిగి కిందికి చూడ్డం: అదుపు తప్పించే దినుసులన్నీ ఒకచోట చేరినట్టే. 2019 జనవరి 21 రాత్రి ఇంగ్లిష్ చానెల్ మీద ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సాలాను తీసుకెళుతున్న పైపర్ మాలిబు విషయంలో బ్రిటన్ విమాన ప్రమాదాల విచారణ సంస్థ ఏఏఐబీ తేల్చింది చూడండి: మబ్బును తప్పించుకోవడానికో, దానిలోంచి బయటపడడానికో చేత్తో తిప్పిన మలుపులోనే అదుపు తప్పి ఉండొచ్చని. పైలట్‌కు కార్బన్ మోనాక్సైడ్ కూడా సోకి ఉండొచ్చని ఆ నివేదికే అంది. మబ్బులోకి పోవడం ఒక ప్రమాదం, దాన్ని ఆఖరి క్షణంలో తప్పించుకోబోవడం ఇంకో ప్రమాదం.

రాత్రి గురించి రెండు మాటలే. మీ దగ్గర రాత్రి వీఎఫ్‌ఆర్ చట్టబద్ధం కాబట్టి చెబుతున్నాను, చీకట్లో మబ్బు కనబడదు, దూరంగా ఉన్న దీపాలు ఒక్కొక్కటిగా ఆరిపోవడమే దాని ఆనవాలు. 1999 జులై 16 రాత్రి జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్ నడిపిన పైపర్ సరటోగా మబ్బులోకి కూడా పోలేదు. నీళ్ల మీద, మసక గాలిలో, హొరైజన్ కనబడక అదుపు తప్పింది. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ వచ్చేదాకా చంద్రుడు లేని రాత్రి నీళ్ల మీద, దీపాలు లేని ప్రాంతాల మీద పోకండి.

బయల్దేరే ముందు చూడాల్సినది ఉష్ణోగ్రతకూ డ్యూ పాయింట్‌కూ (గాలిలో తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రతకు) తేడా. క్యుములస్ రోజున ఆ తేడాను సెల్సియస్‌లో 400తో గుణిస్తే మబ్బు అడుగు ఎత్తు అడుగుల్లో వస్తుంది. 31కి 26 అయితే 2000 అడుగులు. తేడా 3 డిగ్రీలకు తగ్గి, ఇంకా తగ్గుతూ ఉంటే, ముఖ్యంగా సాయంత్రం పూట, వెళ్లకండి. అది పొగమంచుకో లో స్ట్రేటస్‌కో (కిందుగా దుప్పటిలా పరుచుకునే మబ్బుకో) దారి. టెక్సస్‌లో గల్ఫ్ నుంచి రాత్రిపూట తేమ వచ్చి తెల్లారేసరికి స్ట్రేటస్ కమ్ముతుంది. దానికి ఈ గుణకారం పనిచేయదు, మెటార్లు గంట గంటకు ఎటు పోతున్నాయో చూడ్డమే దారి.

మెటార్‌లోని మబ్బు ఎత్తు ఆ ఎయిర్‌పోర్టు నేల నుంచి లెక్క, సముద్ర మట్టం నుంచి కాదు. మనకు తెలిసిన చోటే చూద్దాం. రేణిగుంట విమానాశ్రయం సుమారు 350 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడ బ్రోకెన్ 1500 అంటే సముద్ర మట్టానికి 1850 అడుగులు. తిరుమల సుమారు 2800. అంటే కింద రన్‌వే మీద వెలుతురు బాగుండి, పైన కొండ మొత్తం మబ్బులో ఉంటుంది. వానాకాలంలో ఘాట్ రోడ్డు ఎక్కిన వాళ్లంతా చూసిందే ఇది: అలిపిరి దగ్గర తేటగా ఉంటుంది, పైకి పోయేసరికి ముందు బస్సు లైట్లు తప్ప ఏమీ కనబడదు. బస్సు ఆగగలదు. దారిలో అన్నింటికన్నా ఎత్తైన కొండకో టవర్‌కో మబ్బు అడుగు కనీసం 2000 అడుగులు పైన ఉంటేనే బయల్దేరడం కొత్త పైలట్‌కు సరైన హద్దు. విజిబిలిటీకి 8 కిలోమీటర్లు పెట్టుకోండి. రూల్‌లోని అంకెలు చట్టం, ఇవి మీ సొంత గీత.

ఉరుము మబ్బుల విషయం వేరు. కుములోనింబస్‌కు కనీసం 20 మైళ్లు ఎడంగా ఉండాలి. కింది నుంచీ, రెండు ఉరుము మబ్బుల మధ్య నుంచీ వెళ్లే ప్రశ్నే లేదు. 2009 సెప్టెంబర్ 2న నల్లమలలో పావురాల గుట్ట మీద కూలిన బెల్ 430లో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో పాటు మరో నలుగురు చనిపోయారు. ఇద్దరు పైలట్లు, రెండు ఇంజన్లు ఉన్న హెలికాప్టర్ అది. ఆ ప్రాంతంలో కుములోనింబస్ ఉంది. ఒక ఆయిల్ ప్రెజర్ సమస్యకు చెక్‌లిస్టులో జవాబు వెతకడంలో సిబ్బంది ధ్యాస చిక్కుకుందని, బలంగా కిందికి తోసే గాలిలో హెలికాప్టర్ అదుపు తప్పిందని విచారణ చెప్పింది. చిన్న సమస్య ఒకటి తల కిందికి వంచితే, వాతావరణం అంతసేపు ఆగి ఉండదు.

ఇంత జాగ్రత్తపడ్డా దూరిపోతే చేయాల్సింది, వరసగా.

ముందు నోరు తెరిచి ‘మబ్బులో ఉన్నాను’ అనుకోండి. ఆ మాటతో కళ్లు ప్యానెల్ మీదికి వస్తాయి. ఇక కిటికీ వైపు చూడొద్దు, ఒక్క క్షణం తెరిపి కనబడినా చూడొద్దు, లోపలికీ బయటికీ మార్చి మార్చి చూడటమే తల తిప్పుతుంది. ఆటిట్యూడ్ ఇండికేటర్‌లో రెక్కలు సమం చేయండి, పవర్ ముట్టుకోకండి, యోక్ రెండు వేళ్లతో పట్టుకోండి. విమానం ట్రిమ్‌లో ఉంటే, అంటే చెయ్యి వదిలినా తిన్నగా పోయేలా సర్ది ఉంటే, మీకన్నా అదే బాగా ఎగురుతుంది. ఆటోపైలట్ ఉంటే హెడింగ్, ఆల్టిట్యూడ్ నొక్కేయండి, లెవెల్ బటన్ ఉన్న మోడల్ అయితే అదే చాలు. వేగం కొలిచే గొట్టంలో మంచు పట్టకుండా పిటో హీట్ వేయండి, కార్బ్యురేటర్ ఇంజన్ అయితే అందులో మంచు పట్టకుండా కార్బ్ హీట్ కూడా. కార్బ్ ఐస్‌కు చలికాలమే అక్కర్లేదు, తేమ ఉంటే 20 డిగ్రీల పైన కూడా పడుతుంది.

పది, పదిహేను సెకన్లు అలా నిలకడగా ఉన్నాకే మలుపు. హెడింగ్ (ముక్కు చూసే దిక్కు, డిగ్రీల్లో) చూడండి, ఎదురు హెడింగ్ లెక్క కట్టండి: 200 కలిపి 20 తీసేయండి, 070 అయితే 250. హెడింగ్ 180 దాటి ఉంటే 200 తీసి 20 కలపండి. కొండ లేని వైపు తిరగండి. బ్యాంక్ 15 డిగ్రీలు, అంతకన్నా వద్దు. 180 డిగ్రీలకు ఒక నిమిషం పడుతుంది, ఆ నిమిషం చాలా పొడుగ్గా అనిపిస్తుంది, తొందరపడి బ్యాంక్ పెంచకండి. కళ్లు ఎక్కువసేపు ఆటిట్యూడ్ ఇండికేటర్ మీదే, మధ్యలో ఆల్టిమీటర్, హెడింగ్ ఒక్కో చూపు. కొండలు దగ్గరుంటే మలుపు ఆపి, రెక్కలు సమంగా ఉంచి పూర్తి పవర్‌తో సురక్షిత ఎత్తుకు ముందు ఎక్కండి.

ఆ తర్వాతే రేడియో. మీరున్న ఫ్రీక్వెన్సీలోనే ‘వీఎఫ్‌ఆర్ పైలట్‌ను, మబ్బులో ఉన్నాను, సాయం కావాలి’ అని చెప్పండి. ఎవరూ లేకపోతే అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5, రాడార్‌కు మీ గుర్తు పంపే ట్రాన్స్‌పాండర్‌లో అత్యవసర కోడ్ 7700. ఫ్రీక్వెన్సీ మార్చమంటే ‘కుదరదు’ అనొచ్చు. తల గబుక్కున తిప్పి వంగడం ఈ సమయంలో పెద్ద ప్రమాదం. లైసెన్సు పోతుందేమోనని దాచుకోకండి.

వేగం పెరుగుతూ ఎత్తు పడిపోతుంటే అది స్పైరల్. పవర్ పూర్తిగా తీసేయండి, రెక్కలు సమం చేయండి, ఆ తర్వాతే ముక్కు నెమ్మదిగా ఎత్తండి. ఈ వరస తప్పితే, ముందే లాగితే, పైన చెప్పిన బిగుసుకునే మలుపే. గాలి ఎగరేస్తుంటే 172ఎస్‌లో పూర్తి బరువుకు 105 నాట్లు, 1900 పౌండ్ల దగ్గర 90 నాట్ల కింద ఉండండి.

అసలు నిర్ణయం మాత్రం వీటన్నిటికన్నా ముందే, తేటగా కనబడుతున్నప్పుడే తీసుకోవాలి. మబ్బులోకి ఎవరూ ఒకేసారి పోరు. 3500 అడుగుల దగ్గర పోతూ మబ్బు అడుగు తగిలి 3000కు దిగుతారు. పది నిమిషాలకు 2500. అప్పటికి దారిలో సగం దాటారు, అవతల ఎవరో ఎదురుచూస్తున్నారు, 2000 కూడా ఫర్వాలేదనిపిస్తుంది. అనుకున్న ఎత్తును మబ్బు కోసం మొదటిసారి తగ్గించిన ఆ చోటే మీ గుర్తు కావాలి: చార్టులో దగ్గరలో ఉన్న ఎయిర్‌పోర్టు చూసి పెట్టుకోండి. రెండోసారి దిగాల్సి వస్తే దిగకండి, తిరగండి. అప్పటికి వెనక దారి తెరిచే ఉంటుంది, పెట్రోలు ఉంటుంది, చేతులు వణకవు.

సాధన సంగతి చెప్పి ఆపుతాను. అమెరికాలో ప్రైవేట్ లైసెన్సుకు ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణ 3 గంటలే అడుగుతారు, అది కొన్ని నెలల్లో చేతుల్లోంచి పోతుంది. నెలకోసారి ఇన్‌స్ట్రక్టర్‌తో హుడ్ (బయటికి కనబడకుండా తలకు పెట్టుకునే అడ్డు) పెట్టుకుని అర గంట ఎగరండి: మూడు సార్లు 180 మలుపు, రెండు సార్లు స్పైరల్ నుంచి బయటపడటం, ఒకసారి ఆటిట్యూడ్ ఇండికేటర్ మీద కాగితం కప్పి, మలుపు వేగం చూపే టర్న్ కోఆర్డినేటర్‌తో. ఇల్లినాయ్ ప్రయోగంలో పాల్గొన్నవాళ్లు కూడా పద్ధతి నేర్చుకున్నాక దాదాపు ప్రతిసారీ బయటపడ్డారు. అయితే హుడ్ అంచుల్లోంచి వెలుతురు, నీడ కదలిక కంటికి అందుతూనే ఉంటాయి, నిజమైన మబ్బులో ఆ సాయం ఉండదు. అందుకే గడ్డకట్టే ఎత్తుకు బాగా కింద, ఉరుములు లేని పలచటి స్ట్రేటస్ ఉన్న రోజు చూసి, ఐఎఫ్‌ఆర్ ప్లాన్ వేయగల ఇన్‌స్ట్రక్టర్‌ను ఒక గంట దానిలోకి తీసుకెళ్లమనండి. దూరిన మొదటి నిమిషంలో మీ ఒళ్లు ఏం చెబుతుందో, ప్యానెల్ ఏం చెబుతుందో పక్కపక్కనే చూస్తారు.